సెయింట్ చార్లెస్‌కు వచ్చిన మాత్ర

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం పడమటి కొసన, కెంటకీకీ టెన్నెసీకీ మధ్య ఇరుక్కుని ఉన్న జిల్లా లీ కౌంటీ. దాని చిట్టచివర నిలబడితే సొంత రాజధాని రిచ్‌మండ్ కంటే మరో ఎనిమిది రాష్ట్రాల రాజధానులే దగ్గర. అంత దూరాన ఉన్నవాళ్ల గోడు ఏ రాజధానికీ తొందరగా వినపడదు. అప్పలాచియా కొండలవి. నేల కింద బొగ్గు, నేల మీద ఆ బొగ్గు తవ్వి తవ్వి నడుములు పోయిన మనుషులు. గని కప్పు కూలి కాళ్లు నుజ్జయినవాళ్లు, ఊపిరితిత్తుల నిండా నల్లధూళి పేరుకుని నాలుగడుగులకే ఆయాసపడేవాళ్లు ఏ వీధిలో చూసినా కనిపించేవారు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక జీతం పోయింది, నొప్పి మిగిలింది.

ఆ జిల్లాలో సెయింట్ చార్లెస్ అని చిన్న ఊరు. జనమే పూనుకుని నిలబెట్టుకున్న ఆసుపత్రి అక్కడ ఉండేది. 1970ల్లో దానికి ఆర్ట్ వాన్ జీ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. గని కార్మికులకు, వాళ్ల పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు కూడా ఆయనే డాక్టరయ్యాడు. ఈ గాథలో రాజులు లేరు, కోటలు లేవు. కూలినవి మామూలు ఇళ్లు. అవి కూలుతుంటే ముందుగా గుర్తించి, గొంతెత్తి చెప్పినవాళ్లలో ఈ డాక్టరు ఒకడు. అందుకే ఆ ఊరి నుంచి మొదలుపెట్టాను.

మాత్ర పేరు ఆక్సికాంటిన్. అందులోని సరుకు ఆక్సికోడోన్, నల్లమందు జాతి మందు. అదేమీ కొత్తది కాదు, 1916లోనే జర్మనీలో తయారైంది. కొత్తదనమల్లా దాన్ని పన్నెండు గంటలపాటు ఒంట్లోకి కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటులో ఉంది. పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ దాన్ని తయారు చేసింది. శాక్లర్లు అనే వైద్యుల కుటుంబానిది ఆ కంపెనీ. 1995 డిసెంబరులో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, మరుసటి ఏడాది మందు బజారులోకి వచ్చింది. మందు నెమ్మదిగా ఒంటబడుతుంది కాబట్టి దుర్వినియోగం తగ్గుతుందని భావిస్తున్నామని దాని లేబుల్ మీదే ఒక వాక్యం రాయనిచ్చారు. ఆ వాక్యం వెనక పరీక్ష లేదు, లెక్క లేదు. ‘భావిస్తున్నాం’ అంతే. ఆ మందు దరఖాస్తును పరిశీలించిన అధికారి కొన్నేళ్లకు అదే కంపెనీలో ఉద్యోగానికి చేరాడు.

కేన్సరు చివరి దశలో మెలికలు తిరిగిపోయే మనిషికి ఇలాంటి మందు వరమే. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్పడం అన్యాయం. కానీ కేన్సరు రోగులు ఎంతమంది ఉంటారు? కంపెనీ కన్ను నడుం నొప్పి మీద, కీళ్ల నొప్పుల మీద, ఆపరేషన్ తర్వాతి నొప్పి మీద పడింది. అలాంటి నొప్పులకు నల్లమందు జాతి మందు రాయాలంటే డాక్టర్లు భయపడేవారు. తరతరాల అనుభవం నేర్పిన భయం అది. దాన్ని పోగొట్టడమే కంపెనీ పెట్టుకున్న పని.

పోగొట్టడానికి ఒక ఉత్తరం పనికొచ్చింది. 1980లో బోస్టన్ నుంచి ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద వైద్య పత్రిక సంపాదకుడికి ఐదు వాక్యాల ఉత్తరం రాశారు. ఆసుపత్రిలో ఉండగా ఇలాంటి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, నలుగురికే వ్యసనం అంటినట్టు నమోదై ఉందని అందులోని సంగతి. ఆ రోగులంతా నర్సు కళ్లెదుట, మంచం మీద ఉన్నవాళ్లు. ఇంటికి వెళ్లి నెలల తరబడి మాత్రలు మింగినవాళ్లు కాదు. కానీ ఆ సంగతి ఎక్కడో జారిపోయి, ‘వ్యసనం అంటేది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికే’ అన్న మాట మాత్రం ఊళ్లేలింది. ఆ ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా ఉదహరించారో కొందరు పరిశోధకులు తీసిన లెక్కను 2017లో అదే పత్రిక ప్రచురించింది. 608 చోట్ల ఉదహరిస్తే, వాటిలో నూటికి డెబ్బైకి పైగా వ్యసనం అరుదు అనడానికే వాడుకున్నాయి. చదవకుండా చెప్పుకున్న మాట శాస్త్రమై కూర్చుంది.

ఆ మాటను మోసినవాళ్లు మెడికల్ రిప్రజెంటేటివులు. ఏ డాక్టరు ఏ నొప్పి మందు ఎంత రాస్తున్నాడో ఆ కంపెనీ కొనుక్కున్న లెక్కల్లో ఉండేది. ఎక్కువ రాసేవాళ్ల దగ్గరికే పదే పదే వెళ్లేవారు. గాయపడ్డ కార్మికులు ఎక్కువగా ఉన్న బొగ్గు జిల్లాలు అలా వాళ్ల దారిలో పడ్డాయి. ఐదేళ్లలో నలభైకి పైగా సదస్సులు పెట్టి, విహార స్థలాలకు ఖర్చులు భరించి రప్పించుకుని, వేలమంది డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు పాఠాలు చెప్పించారు. చేపలు పట్టేవాళ్లు పెట్టుకునే టోపీలు, మెత్తటి బొమ్మలు, పాటల సీడీలు మందు పేరుతో పంచారు. కొత్త రోగికి ఏడు నుంచి ముప్ఫై రోజుల మందు ఉచితమని కూపన్లు ఇచ్చారు. 2001 నాటికి అలాంటి కూపన్లు దాదాపు 34 వేలు చెల్లాయి. 1996లో 4.8 కోట్ల డాలర్లున్న అమ్మకం 2000 నాటికి 110 కోట్లకు దగ్గరైంది. ఈ అంకెలన్నీ గుదిగుచ్చి 2009లో వైద్య పత్రికలో వ్యాసంగా రాసింది మరెవరో కాదు, సెయింట్ చార్లెస్‌లో రోగులను చూసుకుంటున్న ఆ వాన్ జీ.

మాత్రను కాస్త దగ్గరగా చూడాలి. 80 మిల్లీగ్రాములది ఆకుపచ్చ రంగు. చిటికెన వేలి గోరంత. పైన సన్నటి పూత. మందు నెమ్మదిగా దిగడమంతా మాత్ర చెక్కుచెదరకుండా ఉన్నంత వరకే. లీ కౌంటీ పిల్లలు దాన్ని నోట్లో వేసుకుని పూత తడిసేదాకా చప్పరించి, బయటికి తీసి చొక్కా చేతికి తుడిచేవారు. చొక్కా మీద ఆకుపచ్చ మరక. మిగిలిన తెల్ల మాత్రను నలిపి ముక్కుతో పీల్చేవారు. పన్నెండు గంటల మందు ఒక్క క్షణంలో నెత్తికెక్కేది. బళ్లో ఏ పిల్లవాడి చొక్కా చేతులకు ఆ మరకలున్నాయో చూస్తే చాలు, ఎవరు ఏం చేస్తున్నారో తెలిసిపోయేదట. ఏ తల్లో ఆ చొక్కాలు ఉతికే ఉంటుంది. గడ్డిలో ఆడిన మరకే అనుకుని ఉంటుంది.

ఆ మందు మెదడులో చేసే పని రెండు వైపులా పదునున్నది. ఒక వైపు నొప్పి కబురును ఆపుతుంది, మరో వైపు హాయిని పుట్టిస్తుంది. రోజులు గడిచేకొద్దీ అదే హాయికి ఇంకా ఎక్కువ మందు కావాలి. ఆపితే చెమటలు, చలి, వాంతులు, విరేచనాలు, ఎముకల్లోంచి వచ్చే నొప్పి, నిద్రలేని రాత్రులు, నిలవని కాళ్లు. అప్పటిదాకా సుఖం కోసం మింగినవాడు ఆ తర్వాత ఈ నరకం తప్పించుకోవడానికి మింగుతాడు. పైగా ఊపిరి తీసుకోమని ఒంటికి చెప్పే భాగం మీద కూడా ఈ మందు చెయ్యి వేస్తుంది. మోతాదు మించితే మనిషి నిద్రలోకి జారతాడు. ఊపిరి నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగిపోతుంది. గిలగిల కొట్టుకోడు, కేక వేయడు. గురక పెడుతున్నాడనుకుని పక్క గదిలోవాళ్లు పడుకుంటారు.

లీ కౌంటీ బళ్లో జరిపిన సర్వేలో, పెద్ద తరగతుల పిల్లల్లో కనీసం ఐదుగురిలో ఒకరు ఆక్సికాంటిన్ రుచి చూసినట్టు తేలింది. ఏడో తరగతి పిల్లల్లోనే నూటికి తొమ్మిది మంది. పన్నెండేళ్ల పిల్లలు వాళ్లు! పసివాళ్లుగా ఉన్నప్పుడు తన చేత్తో టీకాలు వేసిన పిల్లలను ఆ డాక్టరు మళ్లీ చూస్తున్నాడు. ఈసారి మందు ఎక్కువై, ఊపిరి చాలక, అత్యవసర విభాగంలో. ఎక్కడివి ఆ మాత్రలు? కొందరికి ఆటలో దెబ్బ తగిలిందనో జ్ఞానదంతం తీశారనో వేరే ఎవరో డాక్టరే రాసిచ్చాడు. చాలామందికి ఇంట్లోనే దొరికాయి. తాత నడుం నొప్పికి తెచ్చుకున్న సీసా బాత్‌రూమ్ అద్దం వెనక ఉంటుంది. పని పోయిన ఇంట్లో ఒక్క మాత్ర అమ్మితే మిల్లీగ్రాముకు డాలరు చొప్పున ఎనభై డాలర్లు. ముందు తాత సీసాలోంచి మనవడు దొంగిలించాడు. తర్వాత కొన్ని ఇళ్లలో తాతే కరెంటు బిల్లు కోసం అమ్ముకున్నాడు.

ఈ గాథలో నన్ను అన్నిటికంటే కుంగదీసేది ఇదే. సందు మలుపులో నిలబడి అమ్మేవాడిని చూపించి, వాడి జోలికి పోవద్దని ప్రతి తల్లీ పిల్లలకు చెబుతుంది. డాక్టరు జోలికి పోవద్దని ఏ తల్లి చెబుతుంది? ప్రభుత్వం ముద్ర ఉంది, మందు చీటీ ఉంది, సీసా మీద పేరుంది. పిల్లలు కూడా అదే అనుకున్నారు, మందే కదా అని. కంచే చేను మేసింది. ఆ రోజుల్లో దేశవ్యాప్తంగా బడి చివరి ఏడాది పిల్లల్లో పదిమందిలో ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా వికోడిన్ అనే మరో నొప్పి మాత్రను డాక్టరు చెప్పకుండా వాడినట్టు సర్వేలు చెప్పాయి. చెడిపోయిన పిల్లలన్నారు వాళ్లను. ఆ మాటకు నేను ఒప్పుకోను. పెద్దలు భద్రమని ముద్ర వేసిన వస్తువును పిల్లలు భద్రమనే నమ్మారు.

2000లో వాన్ జీ కంపెనీకి ఉత్తరాలు రాశాడు. మా ఊళ్లో ఇలా జరుగుతోంది, చూడండి అని. ఆ తర్వాత మందును వెనక్కి తీసుకోమని సంతకాల ఉద్యమం నడిపాడు. వ్యసనపరులకు చికిత్స ఇచ్చే కేంద్రం నడిపే సిస్టర్ బెత్ డేవీస్ అనే సన్యాసిని ఆయనతో కలిసింది. కంపెనీ పెద్దలు లీ కౌంటీకి వచ్చారు, మాట్లాడారు, జిల్లాకు లక్ష డాలర్లు ఇస్తామన్నారు. ఆ బీద జిల్లాలో లక్ష డాలర్లంటే మాటలు కాదు. అది నెత్తుటి సొమ్మని సిస్టర్ డేవీస్ కాదంది. 2002లో డాక్టరు సెనేట్ కమిటీ ముందుకు వెళ్లి చెప్పాడు. మందు బజారులోనే ఉండిపోయింది.

లీ కౌంటీ దాటి వెళితే ఫిలడెల్ఫియాలో ఇంకో ఇల్లు. 2001 ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇంట్లో చనిపోయి కనిపించాడు. ఏం తీసుకున్నాడని తండ్రి అడిగితే, ‘ఆక్సీ’ అన్నారు కొడుకు స్నేహితులు. ఆక్సీ అంటే ఏమిటని అడిగాడా తండ్రి. తన బిడ్డను తీసుకుపోయిన దాని పేరు ఆయన వినడం అదే మొదటిసారి. తర్వాత ఆయన తనలాంటి తల్లిదండ్రులను దేశమంతా వెతికి కూడగట్టాడు.

వాళ్లలో చాలామంది 2007 జూలైలో వర్జీనియాలోని ఆబింగ్డన్ కోర్టుకు వచ్చారు. పోయిన పిల్లల ఫోటోలు చేత పట్టుకుని వచ్చారు. తక్కువ వ్యసనం కలిగించే మందని మోసపు ప్రచారం చేశామని కంపెనీ నేరం ఒప్పుకుంది. ముగ్గురు పెద్ద అధికారులూ చిన్న నేరం కింద ఒప్పుకున్నారు. అందరికీ కలిపి జరిమానాలు 63 కోట్ల డాలర్లకు పైనే. అధికారులకు జైలు లేదు. ప్రొబేషన్, నాలుగు వందల గంటల సమాజ సేవ. ఇంతకన్నా పెద్ద నేరాలు మోపాలని కేసు తయారుచేసిన ప్రాసిక్యూటర్లు సిఫారసు చేశారని, పైవాళ్లు పడనివ్వలేదని పదకొండేళ్ల తర్వాత బయటికొచ్చింది. శాక్లర్ల ఇంటి పేరు ఆ రోజు ముద్దాయిల జాబితాలో లేదు. జరిమానా కట్టి, కంపెనీ మళ్లీ అమ్మకాల్లో పడింది.

పాపమంతా ఒక్క కంపెనీదే అంటే నిజం సగమే చెప్పినట్టు. వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అనే ఊరు ఉంది. జనాభా నాలుగు వందలు. అక్కడి ఒక్క మందుల షాపుకు రెండేళ్లలో 90 లక్షల హైడ్రోకోడోన్ మాత్రలు చేరాయి. అవి ఆక్సికాంటిన్ కాదు, వేరే కంపెనీల మాత్రలు. పంపిన టోకు వ్యాపారులకు ఆ ఊరి జనాభా తెలియకపోదు. ఆరేళ్లలో ఆ రాష్ట్రం మొత్తానికి 78 కోట్ల మాత్రలు, అంటే చంటిపిల్లలతో సహా మనిషికి 433. ఎరిక్ ఎయిర్ అనే విలేకరి ఈ లెక్కలు కోర్టుకెక్కి మరీ బయటికి తీయించి, 2017లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. డబ్బు తీసుకుని చీటీలు రాసే క్లినిక్కులు, కళ్లు మూసుకున్న ఫార్మసీలు, రవాణా చేసిన పెద్ద పెద్ద సంస్థలు, నిద్రపోయిన తనిఖీ శాఖలు, అందరి చేతులూ అందులో ఉన్నాయి.

2010లో నలిపినా పొడి కాకుండా మాత్రను మార్చారు. అప్పటికే ఒళ్లు బానిసైపోయిన లక్షలమందిలో చాలామందికి మందు మానే దారి దొరకలేదు. మాత్ర కన్నా చవకగా హెరాయిన్ దొరికింది, అటు పోయారు. ఆ వెనకే ఫెంటనిల్ వచ్చింది. ఇసుక రేణువులంత చాలు ప్రాణం తీయడానికి. 1999 నుంచి 2021 దాకా చీటీ మందులు, దొంగ మందులు కలిపి ఓపియాయిడ్లు అనే ఈ నల్లమందు జాతి మందుల వల్ల అమెరికాలో పోయిన ప్రాణాలు సుమారు 6 లక్షల 45 వేలు.

ఆ తర్వాత తరం పిల్లలు నిజానికి మత్తు మందుల జోలికి తక్కువగా పోతున్నారు. అయినా పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల్లో మోతాదు మించి చనిపోయినవాళ్లు 2019లో 492 మంది అయితే, 2020లో 954 మంది. ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు. వాడే పిల్లలు పెరగలేదు, మాత్ర మారిపోయింది. ఫోన్‌లో ఎవరో అమ్మిన నీలం రంగు మాత్ర, ఒక వైపు ఎం అక్షరం, మరో వైపు 30 అంకె, అచ్చం షాపులో దొరికే ఆక్సికోడోన్ లాగే ఉంటుంది. లోపల ఉన్నది ఫెంటనిల్. కొందరికి అదే మొదటి మాత్ర, అదే ఆఖరిదీ.

మనకెందుకీ కథ అనుకునేవాళ్లకు ఒక మాట. ఆ కొండ ఊళ్లలో అమెరికా డాక్టర్లు వెళ్లనిచోట వైద్యం చేసినవాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. తెలుగువాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ దేశపు బళ్లలో ఇప్పుడు తెలుగు పిల్లలు చదువుతున్నారు. ఇక్కడ మన దేశంలో ట్రమడాల్ అనే నొప్పి మందును మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది 2018లో. టాపెంటడాల్ అనే మరో నొప్పి మాత్రలను చీటీ లేకుండా కొని, నీళ్లలో కలిపి సూదితో ఎక్కించుకుంటున్న కుర్రాళ్ల వార్తలు హైదరాబాదు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. మెడికల్ షాపులో దొరికేదే కదా అన్న ధీమా అక్కడా అదే, ఇక్కడా అదే.

సెయింట్ చార్లెస్‌కు ఏమైంది? జనం తరిగిపోతూ 2020 జనాభా లెక్కలకు 73 మంది మిగిలారు. కౌన్సిల్‌కు నిలబడేవాళ్లే కరువై, 2022లో రాష్ట్రం దాని పట్టణ హోదా రద్దు చేసింది. ఆ జిల్లాలో ఉన్న ఏకైక పెద్ద ఆసుపత్రి 2013లో మూతపడి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ ఏళ్లలో మందు ఎక్కువైన మనిషిని ఎక్కించుకున్న అంబులెన్సు ఎంత దూరం పోవాల్సి వచ్చేదో మనం ఊహించుకోవాల్సిందే.

శాక్లర్ల పేరు వాళ్లు విరాళాలిచ్చిన మ్యూజియంల గోడల మీద నుంచి దిగింది, పారిస్ లూవ్ర్‌లో 2019లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో 2021లో. కంపెనీ 2019లో దివాలా అర్జీ పెట్టింది. అంతకుముందు పదేళ్లలో ఆ కుటుంబం కంపెనీ నుంచి సుమారు 1,100 కోట్ల డాలర్లు తీసుకుందని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. మాకు దివాలా లేదు, కానీ మా మీద ఇక ఎవరూ దావా వేయకూడదని ఆ కుటుంబం కోరిన ఒప్పందాన్ని 2024లో ఐదుగురు జడ్జీలు కాదన్నారు, నలుగురు సరేనన్నారు. 2025లో 740 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది. ఆ కుటుంబంలో ఏ ఒక్కరి మీదా క్రిమినల్ కేసు లేదు.

మధ్యలో 2022 మార్చి 10న ఒకటి జరిగింది. దివాలా కోర్టు జడ్జి ముందు, వీడియోలో, ముగ్గురు శాక్లర్ల ఎదుట ఇరవైమందికి పైగా బాధితులు, తల్లిదండ్రులు రెండు గంటలకు పైగా మాట్లాడారు. ఒక తల్లి, కొడుకు శవాన్ని చూసి అత్యవసర నంబరుకు ఫోన్ చేసినప్పటి తన కేకల రికార్డును వినిపించింది. నియమం ప్రకారం శాక్లర్లు బదులు చెప్పే పని లేదు. మందును బజారులో నిలబెట్టిన రిచర్డ్ శాక్లర్ ఫోన్‌లోనే విన్నాడు, ముఖం ఎవరికీ కనపడలేదు.

కొత్త ఒప్పందంలో బాధితులకంటూ కొంత సొమ్ము పక్కన పెట్టారు. అందులో వాటా కావాలంటే మందు రాసిన చీటీ రుజువు చూపాలి. ఇరవై ఏళ్ల కిందటి చీటీలు ఏ షాపూ దాచదు. దాచినా, అద్దం వెనక సీసాలోంచి మాత్ర తీసుకున్న పదహారేళ్ల పిల్లవాడి పేరు మీద చీటీ ఎక్కడుంటుంది? ఆ సీసా మీద ఉన్నది తాత పేరు.